తరుగు

ముత్తుకూరు పీతల షెడ్డులో
గుమాస్తా పని నాది.
పెట్టె నంబరు, పీతల లెక్క, తూకం,
ఆఖరి గడిలో
మదరాసు నుంచి సింగపూరుకు ఎన్ని గంటలో.
నాలుగుంబావు అని రాస్తాను.
పక్కన రెండువేల తొమ్మిదొందల కిలోమీటర్లు,
అదీ రాస్తాను.
రెండింటిలో ఏదీ నేను చూసింది కాదు.

మస్తానమ్మకు ఈ అంకెలు పట్టవు.
మండపీతను బోర్లా తిప్పి మడమ కింద అదిమిపట్టి
డెక్కలు రెండూ దగ్గరికి లాగి
ప్లాస్టిక్ తాడు నాలుగు చుట్లు వేసి
పంటితో ముడి బిగిస్తుంది.
"ఎంత దూరమైతే నాకేందబ్బయా,
గోనె ఆరకముందే చేరిద్దా లేదా, అది చెప్పు."

ఆమెకు లోకంలో ఉన్నవి రెండు రకాల ఊళ్లు:
తడి గోనె ఆరేలోపల ఉన్నవి,
ఆరినాక ఉన్నవి.
సింగపూరు లోపలే ఉంది.
తడ టోల్‌గేటు కాడ లారీలు ఆగిపోయిన రాత్రి
మదరాసే బయటికి జరిగింది.

పెంచలయ్య వ్యాను పొద్దుగూకినాక కదులుతుంది.
వెంకటాచలం కాడ హైవే ఎక్కి
గూడూరు, నాయుడుపేట,
సూళ్లూరుపేటలో తనకో టీ,
పెట్టెల మీద రెండు చెంబుల నీళ్లు.
నూట తొంభై కిలోమీటర్లు, ఐదు గంటలు,
ఒక్కోసారి ఆరు.
సముద్రమంతా దాటడానికి విమానానికి
అంతసేపు పట్టదని చెబితే
మొహం ముడుచుకున్నాడు.
"పైన గతుకులుండవు గదా.
ఒక్క గేదెను అడ్డం రమ్మను, చూస్తా."

కండలేరులో పోటుకూ పాటుకూ నడుమ ఆరు గంటలు.
చీకటి పెట్టెలో, మబ్బుల పైన,
కట్టేసిన డెక్కలతో
ఒక్క పాటైనా పూర్తిగా తీయకముందే
పీత వేరే దేశంలో దిగిపోతుంది.
అక్కడి గడియారం మనకంటే
రెండున్నర గంటలు ముందు.
ఆ రెండున్నర గంటలు ఏ నీళ్లలో జారిపడ్డాయో
రాయడానికి నా పుస్తకంలో గడి లేదు.
"దాని కడుపుకి మన ఏటి టైమే" అంటుంది మస్తానమ్మ.
"ఇక్కడ పోటెక్కితే అక్కడ తొట్లో కదులుద్ది.
కావాలంటే చూడు."
ఎట్టా చూసేది?

మూడో రోజు అక్కణ్ణుంచి కాగితం వచ్చింది.
ముప్పై పెట్టెలు.
చచ్చినవి పదకొండు.
బతికినవాటికి తరుగు, పీతకు ఇరవై గ్రాములు.
కొత్తేం కాదు.
నోటి నురగగా కొంత, ఊపిరిగా కొంత
దారంతా ఆరుకుంటూ పోతాయి.
కంపెనీ దాన్ని
ఏట్లో బోనులు వేసేవాళ్ల లెక్కలో కోస్తుంది.
కోసే పెన్ను నాది.
చెంగయ్య పేరు మీద మూడొందల నలభై కోశాను.
చెంగయ్య మస్తానమ్మ మొగుడు.

ఆ రాత్రి మిద్దె మీద నిద్ర పట్టలేదు.
కృష్ణపట్నం పోర్టు దీపాల పైన
ఒక ఎర్ర చుక్క ఆరుతూ వెలుగుతూ
తూర్పుకు పోతా ఉంది.
మన పెట్టెలు అందులో ఉన్నాయో లేదో.
పీతకు ఇరవై గ్రాముల చొప్పున
మా ఏరు ఆ ఎత్తున ఎక్కడ చెదిరిందో,
ఎవరి మీద వానై పడుతుందో,
ఆ వానకు బిల్లు ఎవరికి పంపాలో
లెక్క కడుతూ పడుకున్నాను.
ఏ లెక్కా తేలలేదు. దోమలు.

పొద్దున ఆమెతో తరుగు మాట ఎత్తాను.
తలెత్తలేదు.
చేతిలో ఉన్న పీతకు
నాలుగు చుట్లు వేయాల్సింది ఐదు వేసింది.
తూకమైపోయిన పెట్టెను తనే దగ్గరికి లాక్కుని
గోనె మీద ఒక చెంబు పోసింది,
ఆగి, ఇంకో చెంబు.
"తూకం అయిపోయింది గదమ్మా" అన్నాను.
"ఇది దారికి" అంది.

నేను ఆఖరి గడిలో
నాలుగుంబావు అని రాశాను.
ఆమె చేతుల నుంచి చిందిన తడికి
సిరా పక్క గడిలోకి పాకింది.